మగ్గం చూసి వచ్చాం, పని చూశామా?

ఈ మధ్య మహానందిలో కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల కార్యకర్తలం రెండు రోజులు కలిసి కూర్చున్నాం. అంతా కలిపి ఇరవై ఆరుగురం. స్త్రీల శ్రమ, దాని లెక్క అన్నది చర్చాంశం. వంట, నీళ్ళు, గొడ్లు, పిల్లలు, పొలం పని - వీటిలో ఏది లెక్కకు వస్తుంది, ఏది రాదు అని పెద్ద పెద్ద కాగితాల మీద రాసి గోడలకు అంటించుకున్నాం. మూడో రోజు ఖాళీ. ‘ఎప్పుడూ ఈ కాగితాలేనా అక్కా, ఒక్క రోజు యాడికన్నా పోయొద్దాం’ అన్నారు చిన్నవాళ్ళు. కొందరు అహోబిలం అన్నారు, కొందరు యాగంటి అన్నారు. చివరికి చేతిపనుల ఊళ్ళు చూసి వద్దామని తేలింది. ఆళ్ళగడ్డ శిల్పులను చూసి, అక్కడి నుంచి కడప జిల్లాలో ఒక నేతగాళ్ళ ఊరికి పోయి, రాత్రికి తిరిగి మహానంది చేరాలని అనుకున్నాం.

మన సంఘాలలో ఇలాంటి ఒక రోజు ప్రయాణాలు కొత్తేమీ కాదు. సమావేశాల చివర ఒక ఊరు, ఒక చేతిపని చూసి వస్తాం. ఫోటోలు తీసుకుంటాం, ఒకటో రెండో వస్తువులు కొంటాం, ‘ఎంత కష్టమో పాపం’ అనుకుంటూ బండి ఎక్కుతాం. ఈసారి కూడా దాదాపు అలాగే జరిగింది. ఎక్కడ అలా జరగకుండా ఆగిందో, ఎక్కడ మేము తప్పు చేశామో పాఠకులకు చెప్పాలనే ఈ సంపాదకీయం.

తెల్లవారకముందే బయలుదేరాం. మహానంది కోనేరు నీళ్ళు పారే అరటితోటలు దాటి, నంద్యాల మీదుగా ఆళ్ళగడ్డ దారి పట్టాం. ఎడమ చేతి వైపు నల్లమల కొండలు, దారి పొడుగునా అక్కడక్కడా కె.సి. కెనాల్. ఆళ్ళగడ్డ చేరేసరికి రాతి మీద మరలు తిరిగే మోత మొదలైంది. ఉలి దెబ్బ కంటే కోత యంత్రం మోతే ఎక్కువ వినిపించింది. నందులు, గణపతులు, అమ్మవార్లు వరసగా నిలబడి ఉన్నాయి. మేము చూసిన శాలల్లో పనిముట్టు పట్టిన వాళ్ళంతా మగవాళ్ళే. వాళ్ళ చేతుల కింద రూపు దిద్దుకుంటున్న వాటిలో మాత్రం ఎక్కువ స్త్రీ మూర్తులే. పిల్లలు దీనికి నవ్వుకున్నారు. పెద్దవాళ్ళం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఆ దుమ్ములో పనిచేసే కుర్రవాళ్ళ ఊపిరితిత్తుల గురించి ఆలోచించాం. రేపు వాళ్ళు మంచాన పడితే చాకిరీ చేయవలసింది ఎవరో మాకు తెలుసు.

ఆళ్ళగడ్డ రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. 1999లో పార్లమెంటు చేసిన చట్టం 2003 సెప్టెంబరు నుంచి అమలులోకి వచ్చింది. ఒక ఊరి పేరుతో ప్రసిద్ధమైన వస్తువును ఇంకెవరూ ఆ పేరుతో అమ్ముకోకుండా కాపాడే చట్టం అది. ధర్మవరం పట్టుచీరలకు, ఉప్పాడ జమ్దానీకి, మంగళగిరి చీరలకు, వెంకటగిరి చీరలకు కూడా అలాంటి గుర్తింపే ఉంది. మంచిదే. ఊరి పేరుకు రక్షణ దొరికింది. ఆ ఊళ్ళో పనిచేసే చేతులకు దొరికిందా అన్న ప్రశ్న మాత్రం ఆ పూట మాలో ఎవరికీ రాలేదు. మధ్యాహ్నం మగ్గాల ఊరికి చేరాకే వచ్చింది.

ఆ ఊరు జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాలలోనిది. పేరు రాయడం లేదు. అక్కడ మాతో మనసు విప్పి మాట్లాడిన స్త్రీలకు రేపు నూలు ఇచ్చే షావుకారి దగ్గర మాట రాకూడదు. వాళ్ళు అడిగింది కూడా అదే.

వీధిలోకి అడుగు పెట్టగానే మగ్గం చప్పుడు. ఇంటింటా ముందు గదిలో గుంట మగ్గం. గుంటలో కాళ్ళు పెట్టుకుని మగవాళ్ళు నేస్తున్నారు. కొన్ని ఇళ్ళలో ఆడవాళ్ళూ నేస్తున్నారు. మిగతా ఇళ్ళలో ఆడవాళ్ళు మగ్గం పక్కన, పంచలో, వెనక వసారాలో కూర్చుని ఉన్నారు. మాలో ఒకామె పంచలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్న ఇల్లాలిని పలకరించింది.

‘ఏం పని చేస్తావమ్మా?’

‘నేనేం పని జేస్తానక్కా. ఇంటికాడే ఉంటా. నేసేది మా ఇంటాయన.’

ఆమె చేయి రాట్నం మీద తిరుగుతూనే ఉంది. రెండు రోజులుగా మేము కాగితాల మీద రాసుకున్నదంతా ఆ ఒక్క మాటలో ఉంది. కానీ ఆ క్షణాన మాలో చాలామందికి అది తట్టలేదు. ‘అలాగా’ అని తలూపి, మగ్గం మీది చీర అంచు ఎంత బాగుందో చూడడానికి లోపలికి పోయారు. సెల్‌ఫోన్లు బయటికి వచ్చాయి. నేసే ఆయన ఫోటోలు తీశారు. కండెలు చుట్టే ఆమె ఫోటో ఎవరూ తీయలేదు.

ఇక్కడ ఆగి, మగ్గం పని తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు చెప్పుకోవాలి. చీర అంటే నాడె అటూ ఇటూ విసరడం ఒక్కటే కాదు. నూలు చిలపల రూపంలో వస్తుంది. చిక్కులు విడదీయాలి, రాట్నం మీద తోడాలి. పేకకు కావలసిన కండెలు చుట్టాలి. నాడెలో కండె అయిపోయిన ప్రతిసారీ ఇంకొకటి సిద్ధంగా ఉండకపోతే మగ్గం ఆగిపోతుంది. పడుగు పోయాలి. నూలు పడుగైతే వీధి పొడుగునా సాగదీసి, ఎండ ముదరకముందే గంజి పట్టించాలి. కొత్త పడుగులోని వేల పోగులను ఒక్కొక్కటిగా పాత పడుగు పోగులకు అతకాలి. కుట్టు అంచు చీరలైతే అంచు నాడె అందించడానికి మగ్గం పక్కన రెండో మనిషి కూర్చోవాలి. ఈ పనులలో ఎక్కువ భాగం భార్య, తల్లి, కూతురు, కోడలు చేస్తారు. చీర దిగాక కూలి మాత్రం చీరకు ఇంత అని ఒకే లెక్క. ఆ డబ్బు మగ్గం మీద కూర్చున్న ఆయన చేతికి వస్తుంది. కండెలకు ఇంత, అతుకులకు ఇంత అని విడిగా కూలి కట్టేది వేరే ఇంటి మనిషిని పిలిపించుకున్నప్పుడే. ఇంటి మనిషి చేస్తే అది సాయం అవుతుంది.

భోజనాల వేళ మాలో ఒకరు, కాస్త అనుభవం ఉన్న కార్యకర్త, ఊరి ఆడవాళ్ళను వేపచెట్టు కిందికి పిలిచింది. ‘మీరెన్ని గంటలు పనిచేస్తారు’ అని అడగలేదు. ముగ్గు పిండి తెప్పించి నేల మీద పెద్ద గడియారం గీయమంది. ఎప్పుడు లేస్తారో అక్కడ ఒక గింజ పెట్టమంది. అక్కడి నుంచి ఏ వేళకు ఏ పని చేస్తారో చిన్న చిన్న గుర్తులు వేయమంది. మొదట సిగ్గుపడ్డారు. తర్వాత ఒకరి చేతిలో పిండి ఒకరు లాక్కున్నారు. కోడి కూత నుంచి మొదలైన గుర్తులు రాత్రి మగ్గం దీపం ఆర్పేదాకా వచ్చాయి. వంట మధ్యలో కండెలు, కండెల మధ్యలో పిల్లల అన్నం, మళ్ళీ కండెలు. పక్కనే మగవాళ్ళ గడియారం కూడా వాళ్ళనే గీయమంది. దానిలో మగ్గం ఉంది, భోజనం ఉంది, వీధి అరుగు ఉంది, నిద్ర ఉంది. రెండు గడియారాలనూ పక్కపక్కన చూశాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పొద్దున ‘నేనేం పని జేస్తా’ అన్న ఆమె తన గుర్తులను వేలితో లెక్క పెట్టుకుంటోంది.

దేశం మొత్తం మీద జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే కూడా ఇలాంటి గడియారమే గీసింది. కూలి లేని ఇంటి పనుల మీద స్త్రీలు రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు గడుపుతున్నారని తేల్చింది. ఇది ఆ పనులు చేసేవాళ్ళ సగటు. చేయని మగవాళ్ళు ఆ లెక్కలోనే లేరు. మగ్గం ఇంట్లోనే ఉన్న చోట ఇంటి పని ఎక్కడ ముగుస్తుందో, నేత పని ఎక్కడ మొదలవుతుందో గీత గీయడం మరీ కష్టం. ఆ గీత కనబడకపోవడం వల్లనే ఆమె పనికి వెల లేకుండా పోయింది.

మధ్యాహ్నం ఇంకొకటి జరిగింది. మా బృందంలోని ఒకామెకు మగ్గం మీది చీర నచ్చింది. ‘దళారులకు పోయేది నేరుగా మీకే ఇస్తాం, ఇది దిగాక నాకివ్వండి’ అంది. మంచి ఉద్దేశంతోనే అంది. ఇంటావిడ భయంగా భర్త వైపు చూసి, ‘ఈ చీర మాది కాదక్కా. నూలు షావుకారిది, జరీ షావుకారిది. మేం అమ్మితే రేపు పడుగు ఇయ్యడు’ అంది. నేరుగా కొనడం అనే మాట మనం ఎంత తేలికగా వాడుతున్నామో అప్పుడు అర్థమైంది. సొంత నూలు, సొంత మగ్గం, సొంత అమ్మకం ఉన్న నేతగాళ్ళు వేరు. షావుకారి దగ్గర అడ్వాన్సు తీసుకుని, అతని నూలు, అతని డిజైను కూలికి నేసేవాళ్ళు వేరు. ఆ కూలివాళ్ళ ఇంట్లోని ఆడవాళ్ళది ఇంకా కింది మెట్టు. అప్పు భర్త పేరున ఉంటుంది. తీర్చే పని ఇద్దరిదీ అవుతుంది.

వీధి చివరి ఇంట్లో మగ్గం ఆగి ఉంది. ఆ ఇంటావిడ భర్త చనిపోయి కొంతకాలమైంది. పెళ్ళికి ముందు పుట్టింట్లోనే నేత నేర్చుకుంది. భర్త ఉండగా పగలు అతను, రాత్రి ఆమె నేసేవాళ్ళు. అతను పోయాక నూలు రావడం తగ్గింది. ‘ఒంటి ఆడమనిషికి పడుగిస్తే చీర ఎప్పుడు దింపుతుందో’ అన్నారట. కండెలు ఎవరు చుడతారని అడిగారట. ఇన్నేళ్ళూ ఆమె చుట్టిన కండెలు ఎవరికీ కనిపించలేదు గాని, ఇప్పుడు ఆమెకు చుట్టిపెట్టే మనిషి లేదన్న సంగతి మాత్రం అందరికీ కనిపించింది. సొసైటీలో సభ్యత్వం భర్త పేరున ఉండేది. గుర్తింపు కార్డు భర్త పేరున ఉండేది. ఆమెకు వితంతు పెన్షను వస్తోంది. ఆమె చేతిలో ఉన్న ప్రభుత్వ కాగితాలలో ఎక్కడా ఆమె నేతగత్తె అని లేదు. ‘నేను నేసేదాన్నని ఎవురికి జెప్పాల?’ అని అడిగింది. మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఆమె ప్రశ్నకు జవాబు వెతికే ప్రయత్నమే మిగతా ఈ సంపాదకీయం.

మొదటి సంగతి, ఆమె ఒక్కతే కాదు. 2019-20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణనలో దేశంలో 35 లక్షలకు పైగా చేనేత కార్మికులు తేలారు. వాళ్ళలో నూటికి 72 మందికి పైగా స్త్రీలే. చేనేత అనగానే మన కళ్ళ ముందు మగ్గం మీద కూర్చున్న మగమనిషి వస్తాడు గాని, లెక్క ప్రకారం చేనేత స్త్రీల వృత్తి. గణన చేసేవాళ్ళు నేసేవాళ్ళను ఒక వరసలో, నూలు తోడడం, కండెలు చుట్టడం లాంటి అనుబంధ పనులు చేసేవాళ్ళను ఇంకో వరసలో రాస్తారు. కనుక లెక్కలో చోటు ఉంది. కానీ గణన మనిషి గుమ్మంలో నిలబడి ‘ఏం పని చేస్తావమ్మా’ అని అడిగినప్పుడు ‘ఇంటికాడే ఉంటా’ అన్న జవాబు వస్తే ఆ పేరు ఏ వరసలోనూ పడదు. ఆ గుమ్మంలో ముందుగా మన సంఘం ఉండాలి.

రెండవది, పథకాల నిబంధనలు. రాష్ట్రంలో 2019 డిసెంబరులో మొదలై 2023 వరకు నడిచిన నేతన్న నేస్తం పథకం కింద ఏడాదికి 24,000 రూపాయలు ఇచ్చారు. సొంత మగ్గం ఉన్న చేనేత కుటుంబానికి అన్నది నిబంధన. షావుకారి షెడ్డులో అతని మగ్గం మీద నేసే మనిషి దానిలోకి రాలేదు. మగ్గమే లేకుండా కండెలు చుట్టి బతికే ఆడమనిషి అసలే రాలేదు. ఏ ప్రభుత్వం వచ్చినా, పథకం పేరు ఏదైనా, మగ్గాన్ని లెక్కపెట్టి మనిషిని వదిలేసే ఈ పద్ధతి మారాలని మనం అడగాలి. 50 ఏళ్ళు నిండిన చేనేత కార్మికులకు పెన్షను ఉంది. దానికి కావలసింది నేతపని చేస్తున్నట్టు రుజువు. వీధి చివరి ఇంటావిడ దగ్గర లేనిది అదే.

మూడవది, కూలి. స్త్రీ పురుషులకు ఒకే పనికి ఒకే కూలి అని 1976లో సమాన వేతన చట్టం వచ్చింది. ఇప్పుడది 2019 నాటి వేతనాల కోడ్‌లో కలిసింది. మన శిక్షణలలో ఈ చట్టం గురించి ఎన్నోసార్లు చెప్పుకున్నాం. మగ్గాల ఊళ్ళో మాత్రం ఇది చేతికి అందదు. కండెలు చుట్టే పని మగవాళ్ళు చేస్తే కదా, ఫలానా మగమనిషికి ఇంత ఇస్తున్నారు, నాకూ ఇవ్వండి అని అడగగలిగేది! ఆడవాళ్ళకే వదిలేసిన పనికి పోల్చి చూసుకోవడానికి ఎదురు పని ఉండదు. కనుక ఆ పనికే విడిగా రేటు కట్టించుకోవాలి. చీర కూలిలో నూలు తయారీకి ఎంత, అతుకుకు ఎంత, నేతకు ఎంత అని విడదీసి రాయించగలిగితే, డబ్బు ఒకే ఇంటికి వచ్చినా అది ఎవరి కష్టమో కాగితం మీద కనిపిస్తుంది.

ఇవన్నీ కొత్త మాటలు కావు. 1970ల చివర మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు నరసాపురం ప్రాంతంలో లేసు అల్లే స్త్రీల మధ్య పనిచేసి, 1982లో ఒక పుస్తకం రాసింది. అక్కడి లేసు విదేశాలకు పోయేది. వ్యాపారులు, ఎగుమతిదారులు మగవాళ్ళు. అల్లేది ఇంట్లో కూర్చున్న ఆడవాళ్ళు. వాళ్ళను కార్మికులు అనకుండా, తీరిక వేళ అల్లుకునే గృహిణులు అన్నందువల్లనే ఆ కూలి అంత తక్కువగా నిలిచిందని ఆమె చూపించింది. ప్రపంచం నలుమూలలా స్త్రీవాదులు నరసాపురం పేరు చదివారు. 2023లో ఆమె కన్నుమూసింది. నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ‘తీరిక వేళ’ అన్న మాట మాత్రం ఇంకా పోలేదు. జమ్మలమడుగు వైపు పంచలో కూడా అదే విన్నాం.

1988లో ఇలా భట్ అధ్యక్షతన అసంఘటిత రంగ స్త్రీలపై ఏర్పడిన జాతీయ కమిషన్ ‘శ్రమశక్తి’ నివేదిక ఇచ్చింది. ఇంటి దగ్గర కూలికి పనిచేసే స్త్రీలను కార్మికులుగా గుర్తించాలని అడిగింది. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి దగ్గర పనిచేసే కార్మికుల కోసం 177వ ఒడంబడిక చేసింది. మన దేశం దానిని ఇంతవరకు ఆమోదించలేదు. ఈ ఒడంబడిక పేరు మన ఊళ్ళలో ఎవరికీ తెలియదు. తెలియజెప్పే పని మనది.

పని కనబడితే ఏమవుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ మన దగ్గరే ఉంది. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి పోచంపల్లి చీరలకు ఆసు పోసేది. ఒక్క చీరకు చేతిని వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి. భుజం నొప్పితో ఆమె ఇక పోయలేనన్నది. కొడుకు ఏళ్ళ తరబడి కష్టపడి 1999 నాటికి ఆసు యంత్రం తయారు చేసి దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో అతనికి పద్మశ్రీ వచ్చింది. అతని గొప్పతనాన్ని ఏమాత్రం తగ్గించకుండా మనం ఒక ప్రశ్న వేసుకోవచ్చు. అంతకుముందు ఎన్ని తరాల తల్లుల భుజాలు అలా అరిగిపోయి ఉంటాయి? ఆ నొప్పిని వృత్తి జబ్బుగా ఏ ఆసుపత్రి చీటీలోనైనా రాశారా?

సంఘటన శక్తి గురించి కూడా ఈ నేలకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం పెట్టారు. కరువు సీమలో నేతగాళ్ళు సహకార సంఘంగా నిలబడవచ్చని ఆ ఊరు చూపించింది. సోమప్పకు 1954లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ దారి మంచిదే. కానీ సహకార సంఘాలలో ఇంటికి ఒక సభ్యుడు అన్న అలవాటు పాతుకుపోయింది. ఆ ఒక్కడు దాదాపు ఎప్పుడూ మగవాడే అయ్యాడు. సభ్యత్వం లేని మనిషికి ఓటు లేదు, బోనసు లేదు, మాట లేదు. భర్త పోయిన మరునాడు ఆమె సొసైటీకి పరాయిది అవుతుంది. పొదుపు సంఘంలో పుస్తకాలు రాసే స్త్రీ, నేత సొసైటీలో అడుగు పెట్టలేకపోవడం ఏం న్యాయం?

ఇప్పుడు మన ప్రయాణాల సంగతికి వద్దాం. ఇలాంటి ఊళ్ళకు పోవద్దని మేము అనడం లేదు. పోవాలి. ఇంకా ఎక్కువసార్లు పోవాలి. పోయే తీరు మారాలి.

ముందు చెప్పి పోవాలి. ఇరవై ఆరుగురం ఒక వీధిలో దిగితే మగ్గాలు ఆగిపోతాయి. మేము చెట్టు కింద కూర్చోబెట్టిన రెండు గంటలలో ఆ స్త్రీలు చుట్టవలసిన కండెలు ఆగాయి. రాత్రి దీపం కింద వాళ్ళు ఆ పని పూడ్చుకుని ఉంటారు. తిరుగు ప్రయాణంలో కోవెలకుంట్ల దాటాక ఈ సంగతి ఒకరు గుర్తు చేశారు. వాళ్ళు పోగొట్టుకున్న పూట కూలి మనం ఇవ్వాలా వద్దా అని బండిలో పెద్ద వాదన నడిచింది. డబ్బు ఇస్తే స్నేహం పోతుందన్నారు కొందరు. శిక్షణకు వచ్చిన వక్తకు దారి ఖర్చులు, గౌరవ వేతనం ఇచ్చాం కదా, ముగ్గు పిండితో మనకు అంతకంటే మంచి పాఠం చెప్పినవాళ్ళకు ఎందుకివ్వకూడదని అడిగింది మాలో అందరికంటే చిన్న పిల్ల. ఆ మాటకు ఎదురు చెప్పలేకపోయాం. ఇకమీదట ఇలాంటి ప్రయాణాల ఖర్చులో ఆ పూట కూలి కూడా వేసుకోవాలని నిర్ణయించాం.

అడగకుండా ఫోటో తీయవద్దు. తీస్తే మగ్గం చుట్టూ ఉన్న అందరినీ తీయాలి, ప్రింటు వాళ్ళకు పంపాలి.

‘ఏం పని చేస్తావు’ అని అడగవద్దు. ‘పొద్దున లేచినప్పటి నుంచి ఏమేం చేశావు’ అని అడగాలి. జవాబు రాసుకోవాలి. ఆమెకు చదివి వినిపించాలి.

వచ్చేటప్పుడు ఒక పట్టిక తీసుకురావాలి. ఇంటింటా నేసేది ఎవరు, కండెలు చుట్టేది ఎవరు, అతికేది ఎవరు, గుర్తింపు కార్డు ఎవరి పేరున ఉంది, సొసైటీలో సభ్యులు ఎవరు, కూలి ఎవరి చేతికి వస్తుంది. ఆరు గడులు చాలు. ఆ పట్టికతో చేనేత జౌళి శాఖ అధికారి దగ్గరికి ఆ ఊరి స్త్రీలతో కలిసి పోవాలి. భౌగోళిక గుర్తింపు ఉన్న ఊళ్ళలో అయితే అధీకృత వినియోగదారుల జాబితాలో ఎన్ని స్త్రీల పేర్లు ఉన్నాయో అడగాలి. ఆ చట్టం కింద ఉత్పత్తిదారులు తమ పేరు విడిగా నమోదు చేయించుకోవచ్చు. నేసే స్త్రీ ఉత్పత్తిదారు కాదని ఆ చట్టం ఎక్కడా అనలేదు.

అన్నిటికంటే ముఖ్యం, రెండోసారి పోవాలి. ఒకసారి చూసి వచ్చి మరిచిపోయే వాళ్ళను ఆ ఊళ్ళు చాలామందిని చూశాయి. మేము వచ్చే నెల మళ్ళీ పోతున్నాం. ఈసారి ఇరవై ఆరుగురం కాదు, నలుగురం. వీధి చివరి ఇంటావిడ దరఖాస్తు రాయడం మొదటి పని. నేను నేతగత్తెను అని ఆమె తన పేరున, తన వేలిముద్రతోనో సంతకంతోనో చెప్పే మొదటి కాగితం అది. అది ఎంత దూరం పోతుందో, ఏ బల్ల మీద ఆగుతుందో ఈ పత్రికలోనే రాస్తాం.

చివరగా ఒక మాట. మేము మహానంది చేరేసరికి రాత్రి పది దాటింది. బస చేసిన చోట వంట చేసే ఆమె అన్నం, పప్పు మూతపెట్టి గుమ్మంలో కూర్చుని ఉంది. మూడు రోజులుగా ఇరవై ఆరుగురికి మూడు పూటలా వండి పెట్టింది. స్త్రీల శ్రమ గురించి మేము గంటల తరబడి మాట్లాడుకున్న గదికి టీ తెచ్చి ఇచ్చింది. ఆమె ఎన్నింటికి లేస్తుందో, ఎంత కూలి ఇస్తున్నారో మాలో ఒక్కరం కూడా అడగలేదు. ఆ రాత్రి ముగ్గు పిండి గుర్తుకు వచ్చి అందరం తలలు వంచుకున్నాం. తర్వాత ఆమెను మాతో పాటు కూర్చోబెట్టుకుని అన్నం తిన్నాం, అడిగాం, రాసుకున్నాం. మా పట్టికలో మొదటి పేరు ఆమెదే.

మీ మీ ఊళ్ళలో లేసు, బొమ్మలు, బుట్టలు, బీడీలు, అప్పడాలు, ఏ పనైనా కానీ, ఇంటి దగ్గర కూర్చుని చేసే స్త్రీల గడియారాలు గీయించి మాకు పంపండి. పేర్లు వద్దంటే పేర్లు వేయం. వచ్చే సంచికలో వాటికి చోటు ఉంచుతున్నాం.